ఉతకని చొక్కా

బెయిలు గురించి ఆ వీధికి తెలిసినంత కోర్టుకి కూడా తెలియదు. టీ కొట్టాయన లెక్కలో అది వచ్చే వారానికి ఖాయం. హత్య కేసులో అంత తేలిగ్గా ఇవ్వరని, పైకోర్టు మెట్లెక్కాల్సిందేనని సెలూను ఆయన వాదన. గడ్డానికి నురగ పూసుకుని కదల్లేకుండా కూర్చున్న మనిషికి ఆ వాదన మొత్తం వినక తప్పేది కాదు. మందుల షాపావిడ తమ్ముడు ఏదో కోర్టులో బంట్రోతు. ఆ బలంతో ఆవిడ మాటే ఆఖరి తీర్పులా చెలామణి అయ్యేది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బెయిలు దరఖాస్తు ఇంకా కోర్టు గుమ్మం తొక్కకముందే, జైల్లో ఉన్న వ్యాను డ్రైవరు తిరిగొచ్చాక ఆ వ్యాను తనే నడుపుతాడా, అమ్మేస్తాడా అన్నదాకా వెళ్ళిపోయారు మహానుభావులు.

ఇంతమంది వకీళ్ళలో ఒక్కరికీ తోచని ప్రశ్న ఒకటుంది. జైల్లో ఉన్నవాడి పెళ్ళాన్ని నిలబెట్టి, "అతను ఇంటికి రావాలని నీకుందా అమ్మా?" అని ఎవరూ అడగలేదు. ఉండకేం, మొగుడాయె, అనుకున్నారు. అడిగితే తెలిసేదాన్ని అనుకుని సరిపెట్టుకోవడం మనవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య.

ఆవిడకి అతను రావాలని లేదు. ఆ సంగతి కడుపులో పెట్టుకుని, రోజూ ఉదయం ఆ నోళ్ళన్నిటి మధ్య నుంచీ తలెత్తుకుని పనికి నడిచి వెళ్ళేది.

ఆవిడ పని పెద్దాసుపత్రి లాండ్రీలో. ఆసుపత్రి వెనక్కి వెళితే కిందికి దిగే ర్యాంపు ఒకటుంది. దాని చివర కిటికీలు లేని పొడుగాటి హాలు, హాలుకి అడ్డంగా ఒక గోడ. గోడకి ఇవతల మురికి వైపు, అవతల శుభ్రం వైపు. వార్డుల నుంచి, ఆపరేషన్ గదుల నుంచి వచ్చే దుప్పట్లన్నీ ట్రాలీల మీద మురికి వైపు దిగుతాయి. గుండ్రటి తలుపుల మిషన్లు వాటిని గిరగిరా తిప్పి అవతలి వైపు కక్కుతాయి. ఆ మోతలో పక్కనున్న మనిషి మాట వినాలంటే చెవి తెచ్చి నోటికి ఆనించాలి.

ఈవిడది మరకల బల్ల. కొత్తగా చేరినవాళ్ళందరూ చేసే పొరపాటు ఒకటే, రక్తపు దుప్పటి కనపడగానే కంగారుపడి వేన్నీళ్ళలో పడేస్తారు. వేడికి ఉడికిపోయిన నెత్తురు ఇక గుడ్డని వదలదు. అందుకని ఆవిడ తన బల్ల దగ్గర్నుంచి అంత మోతలోనూ వినపడేలా "చన్నీళ్ళు, చన్నీళ్ళు" అని కేకలు పెడుతూ ఉండేది. అలా చన్నీళ్ళక్క అయింది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రాదు.

ఆవిడ చేతి కింద నుంచి మరకున్న దుప్పటి ఒక్కటి బయటికి వెళ్ళిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. సూపర్వైజరు ఒకసారి, అంత పట్టింపు ఎందుకమ్మా, కాస్త మరకుంటే రోగి చచ్చిపోడు అన్నాడు. ఆవిడ దుప్పటి మీంచి చెయ్యి తియ్యకుండానే, దీని మీద రేపు ఇంకెవరో పడుకుంటారు, ముందువాడి నెత్తురు వాళ్ళెందుకు చూడాలి అంది.

మధ్యాహ్నం తర్వాత శుభ్రం వైపుకి మారి దుప్పట్లు మడతపెట్టేది. అది ఇద్దరి పని. చెరో చివరా పట్టుకుని, ఒక్క దులుపు దులిపి, బిగలాగి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచులు కలపాలి. ఆవిడకి అవతలి చివర ఎప్పుడూ పొడుగక్కే. ఈ ఇద్దరూ కలిసి మడిచిన దుప్పట్లు పరిస్తే ఊరంతా కప్పుకోవచ్చు. దుప్పటి లాగే తీరుని బట్టే పొడుగక్కకి ఆ రోజు ఇవతలి మనిషి మనసెలా ఉందో తెలిసిపోయేది. తెలిసినా అడిగేది కాదు.

అడక్కపోవడం ఆ లాండ్రీలో పద్ధతి. ట్రాలీ బరువుగా ఉంటే, దగ్గర్లో ఉన్నవాళ్ళు వచ్చి రెండో పిడి పట్టుకుంటారు. "పట్టుకోనా?" అని అడిగిన కొత్త పిల్లని, కళ్ళుండీ అడుగుతావేమిటే అని కసిరారు. పొడుగక్క మొగుడు మంచాన పడ్డ రోజుల్లో ఆవిడ వంతు పనంతా ఎవరు చేశారో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. అడిగితే అభిమానం అడ్డొచ్చి వద్దంటాం, అడక్కుండా చేస్తే కాదనలేం కదా అని వాళ్ళ న్యాయం. ఆ పద్ధతి చూసి వాళ్ళకి గర్వం, నాకూ గర్వమే. కాకపోతే అదే వాళ్ళని ఒకసారి నిండా ముంచబోయింది. ఆ సంగతికే వస్తున్నాను.

చన్నీళ్ళక్క మొగుడు వ్యాను డ్రైవరు. మనిషి దిట్టంగా ఉంటాడు, నవ్వితే బాగుంటాడు. కోపం మాత్రం ముక్కు మీద ఉంటుంది. కోపం వస్తే అతను ఏదో ఒకటి పగలగొట్టేవాడు, ఆవిడ ఊడ్చేది. అతను వీధిలో ఎవరినో ఒకరిని తిట్టొచ్చేవాడు, ఆవిడ మర్నాడు వాళ్ళింటికెళ్ళి నచ్చజెప్పుకొచ్చేది. ఎంత ఓర్పమ్మా నీకు అని ఇరుగుపొరుగు మెచ్చుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే, అలా మొగుడి మరకలన్నీ ఎప్పటికప్పుడు తీసేస్తున్నందుకు ఆవిడకీ లోపల కాస్త గొప్పగానే ఉండేది.

వాళ్ళుండే రెండు గదులూ అత్తగారి పేరు మీదున్నవి. ఎదురింటి మెట్ల కింద బీరువా అంత కొట్టు ఒకటుండేది. అందులో తాళాలు బాగుచేసే పెద్దాయన పొద్దస్తమానం ఆకురాయితో గరగరమని తాళంచెవులు అరగదీస్తూ కూర్చునేవాడు. ఒకసారి ఈవిడ తాళంచెవి లోపల మరిచి తలుపేసుకుంటే, ఆయన వచ్చి తాళం తీసిపెట్టి, కూలి ఇవ్వబోతే, ఎదురింటివాళ్ళ దగ్గరా అని నవ్వి వెళ్ళిపోయాడు. ఈవిడ మొగుడు మాత్రం రోజూ తెచ్చి వ్యానుని సరిగ్గా ఆ కొట్టుకి అడ్డంగా పెట్టేవాడు. వెలుతురు పడటం లేదు నాయనా అని ఆయన, రోడ్డు నీ బాబుదా అని ఇతను. ఒక రోజు పెద్దాయన విసుగెత్తి, కొట్టుకి తాళం వేసి, వ్యాను పెట్టే చోట తన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ముసురు పట్టిన సాయంత్రం. వీధిలో పిట్ట లేదు.

మొగుడు మెట్లెక్కి ఇంట్లోకి రావడం ఆవిడ చూసింది. వచ్చినవాడు నెత్తురు మరకలైన చొక్కా విప్పి, కుళాయి కింద ఖాళీ బకెట్లో పడేశాడు.

"ఉతుకు. నీకు చేతనైన పనేగా."

అంతే అన్నాడు. చేతులు కడుక్కుని, లోపలికెళ్ళి మంచం మీద వాలాడు. ఆవిడ ముందు అతనికే దెబ్బ తగిలిందనుకుంది. వెళ్ళి చూస్తే ఒంటి మీద గీత కూడా లేదు. అప్పుడే కింద ఎవరో తాళాలాయన పేరు పెట్టి కేక పెట్టారు. ఆ కేకతో ఆవిడకి అంతా తెలిసిపోయింది.

చన్నీళ్ళు, కాస్త ఉప్పు. టీ మరిగేలోపు ఆ మరక ఆనవాలు కూడా ఉండదని ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు? చెయ్యి అలవాటు కొద్దీ కుళాయి తిప్పేసింది కూడా. మొదటి ధార బకెట్ అంచు తాకేలోపు మళ్ళీ కట్టేసింది. చేతికొచ్చిన మరకని వదిలిపెట్టడం బతుకులో ఆవిడకదే మొదలు. చొక్కాని తీసి కాగితం సంచిలో పెట్టింది. పక్క గదిలో కూరగాయలు తరుగుతున్న అత్తగారు తలెత్తి ఆ సంచి వంక చూసింది, కోడలి మొహం వంక చూసింది, మళ్ళీ తల దించుకుంది. కోడలు మెట్లు దిగి, జనం మూగిన ఆ కొట్టు ముందు నుంచే నడిచి, పోలీసు స్టేషనుకి వెళ్ళి ఆ సంచి బల్ల మీద పెట్టింది.

విచారణ మొదలయ్యేదాకా ఈ సంగతి ఎవరి దగ్గరా అనొద్దమ్మా అని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. ఆవిడ అనలేదు. కట్టుకున్నవాణ్ణి పట్టిచ్చానని వీధిలో చాటింపు వేసుకోవాలని ఎవరికుంటుంది గనక? పోలీసులు వచ్చి తీసుకెళ్తున్నప్పుడు మొగుడు గుమ్మంలో ఆగాడు. ఖాళీ బకెట్ వంక చూసి, ఆవిడ వంక చూసి, "వస్తాను" అన్నాడు. వెళ్ళేవాడు వస్తానని చెప్పడం మనలో మర్యాద. ఆ రోజు ఆ మాట ఆవిడకి బెదిరింపులా వినపడింది.

కాబట్టి వీధికి బెయిలంటే కాలక్షేపమేమో గానీ, ఆవిడకి ప్రాణం మీద సంగతి. అతను వస్తే ఆ రెండు గదుల్లోకే వస్తాడు. వచ్చినవాడు ఆవిడని సాక్ష్యం చెప్పనిస్తాడా, అసలు బతకనిస్తాడా అన్నది అడిగే పనే లేదు. ఊరు విడిచి పోవచ్చు. పోతే తాళాలాయన తరఫున నోరు విప్పేవాళ్ళుండరు. ఆయన కొట్టుకి వేసిన తాళం అలాగే ఉంది. దాన్ని తీయగలిగిన మనిషి ఆయనొక్కడే. ఆవిడ రోజూ ఆ తాళం చూసుకుంటూ పనికి వెళ్ళి, చూసుకుంటూ ఇంటికి వచ్చేది.

ఇంట్లో అత్తగారు కొడుకు ఊసెత్తేది కాదు. ఇద్దరూ ఒకే కుండలో వండుకుని, ఒకే బల్ల దగ్గర తిని, చెరో గోడ వైపూ తిరిగి పడుకునేవాళ్ళు. ముసలావిడ మనసులో ఏముందో కోడలికి అంతుపట్టలేదు. కన్నతల్లి కదా, ఏముంటుందో ఊహించుకుని ఊరుకుంది.

దరఖాస్తు పడింది, వాయిదా పడింది, మళ్ళీ పడింది. వీధిలో టీ అమ్మకం పెరిగింది. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకనుకున్నాడేమో, టీ కొట్టాయన ఒక రోజు ఆవిడని ఆపి, ఈసారి తప్పకుండా వచ్చేస్తుందమ్మా, దిగులు పెట్టుకోకు అని ధైర్యం చెప్పాడు. ఆవిడ తలూపి నడిచింది. దిగులు ఎందుకో తెలిస్తే ఆయన చేతిలో గరిట జారిపోయేది.

రేపు వాయిదా అనగా, లాండ్రీలో మిషన్లు ఆపే వేళకి పొడుగక్క ఆఖరి దుప్పటి అంచు పట్టుకుని ఎదురుగా నడిచొచ్చింది. ఆ మొహం వెలిగిపోతోంది.

"రేపు బెయిలిస్తారట. నేనూ బాయిలరు బాబాయీ జామీను ఉంటున్నాం. ఇంటి కాగితాలు వకీలుకి ఇచ్చేశాం. నువ్వు నోరు తెరిచి అడగవని తెలుసుగా."

బాయిలరు బాబాయంటే ఆవిరి గది చూసుకునే పెద్దమనిషి. ఇద్దరికీ బతుకంతా కష్టపడి కట్టుకున్న ఇల్లు తప్ప మరో ఆస్తి లేదు. జరిగిందేమిటంటే, మొగుడి తరఫు వకీలు ఒక మధ్యాహ్నం ర్యాంపు దిగొచ్చి వీళ్ళని కలిశాడు. ఆవిడ అభిమానవంతురాలు, చెబితే వద్దంటుంది, చెప్పకుండా చేయండి అన్నాడు. వీళ్ళ పద్ధతి ఎవరు చెప్పారో గానీ సరిగ్గా దాన్నే పట్టుకున్నాడు. తోటివాళ్ళ ఇళ్ళు జామీనులో ఇరుక్కుంటే, అతను పరారై అవి పోతాయన్న భయంతో ఆవిడ నోరు దానంతటదే మూతబడుతుందని అతని ఎత్తు. చొక్కా సంగతి తెలియకుండానే అంత దూరం వచ్చాడా? ఇవేవీ ఎరగని పొడుగక్క మాత్రం, చేయాల్సిన సాయం చేయాల్సినట్టు చేశానన్న తృప్తితో నిలబడి ఉంది.

చన్నీళ్ళక్క ఇన్‌స్పెక్టరుకి ఇచ్చిన మాట ఒక పక్క, ఎదురుగా ఆ వెలిగే మొహం ఒక పక్క. ఇక నీళ్ళు నమిలితే కుదరదు.

"ఆయన రావడం నాకిష్టం లేదక్కా."

"కోపం ఉంటుందిలే, ఎవరికైనా."

"కోపం కాదక్కా, భయం. ఆ రోజు నెత్తుటి చొక్కా ఉతకమన్నాడు. నేను ఉతకలేదు. పట్టుకెళ్ళి పోలీసులకిచ్చాను."

పొడుగక్క చేతిలోంచి దుప్పటి జారి నేల మీద పడింది. ఆవిడ చేతిలోంచి గుడ్డ జారడం ఆ హాల్లో ఎవరూ ఎరగరు.

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"మీరు అడగలేదుగా."

మిషన్లు అప్పటికే ఆగిపోయాయి. ఆ మాట గోడలకి తగిలి తిరిగొచ్చినట్టయింది. పొడుగక్క వంగి నేల మీద దుప్పటి తీసి, మురికి వైపు వెళ్ళే ట్రాలీలో వేసి, ఆవిరి గది వైపు వెళ్ళిపోయింది. వాళ్ళేం చేస్తారో చన్నీళ్ళక్కకి తెలియదు. కాగితాలు వకీలు చేతిలో ఉన్నాయి. ఆ లాండ్రీలో మాటిచ్చి వెనక్కి తీసుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

మర్నాడు కోర్టు హాల్లో కాలు పెట్టే చోటు లేదు. సెలూను ఆయన కొట్టు మూసేసి మరీ వచ్చాడు. ముందు బెంచీ మీద పొడుగక్క, బాయిలరు బాబాయి, వెనక లాండ్రీ జనం. ఇంకో బెంచీ చివర అత్తగారు. ఆవిడని వకీలే కారులో తీసుకొచ్చాడు. మొగుడు బోనులో నిలబడి, హాలంతా వెతికి వెతికి పెళ్ళాన్ని పట్టుకుని ఆమె మీంచి చూపు తిప్పలేదు.

రెండు పక్షాల వకీళ్ళూ చాలాసేపు మాట్లాడారు. దర్యాప్తు ముగిసింది కాబట్టి, ఊళ్ళో సొంత ఇల్లున్న ఇద్దరు జామీను ఉంటే బెయిలు ఇవ్వవచ్చని జడ్జిగారు ముగించారు. వెనక ఎవరో "చెప్పానా" అన్నారు. చన్నీళ్ళక్క బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

మొగుడి తరఫు వకీలు నవ్వుతూ ముందు బెంచీ వైపు చెయ్యి ఊపాడు. పొడుగక్క కదల్లేదు. అతను మళ్ళీ పిలిచాడు. ఈసారి బాయిలరు బాబాయి లేచాడు. చన్నీళ్ళక్క అంతా అయిపోయిందనుకుంది.

"అయ్యా, మా కాగితాలు మాకిచ్చేయండి. మేం ఉండం."

ఎందుకని జడ్జిగారు అడిగితే, ఆయన, ఇన్నాళ్ళూ ఒకర్ని అడగాల్సింది అడగలేదండి, నిన్ననే తెలిసింది అని చెప్పి కూర్చున్నాడు. వకీలు మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. అతని దగ్గర ఇంకో దారి ఉంది. చివరి బెంచీ దగ్గరికెళ్ళి ముసలావిడ చెవిలో, ఇల్లు మీ పేరనేగా ఉంది, మీరొక్కరు నిలబడండి, రెండోవాళ్ళని సాయంత్రానికి నేను చూసుకుంటాను అన్నాడు.

అత్తగారు లేచింది. "అమ్మా" అన్నాడు బోనులోంచి కొడుకు. అంత మెత్తగా అతను పిలవడం చన్నీళ్ళక్క ఎన్నడూ వినలేదు. ముసలావిడ కొడుకుని కళ్ళారా చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయితే ముందుకి నడవాల్సిన మనిషి పక్కకి తిరిగి, బెంచీలు పట్టుకుంటూ పట్టుకుంటూ వచ్చి, కోడలి ముందు నిలబడింది.

"వాడు ఇంటికి రావడం నీకిష్టమేనా అమ్మాయ్?"

అన్ని నెలలుగా వీధి అడగనిది, తోటివాళ్ళు అడగనిది, వకీలు అడగనివ్వనిది, ఆ ముసలావిడ అందరి ఎదుటా, కన్నకొడుకు చూస్తుండగా అడిగింది. చన్నీళ్ళక్కకి ఏడుపు తన్నుకొచ్చింది. మాట మాత్రం తొణకలేదు.

"ఇష్టం లేదత్తయ్యా."

అత్తగారు తలూపి, వకీలు వైపు తిరిగింది.

"ఇల్లు నాదే బాబూ. దాంట్లో బతకాల్సింది నా కోడలు. తను వద్దంటోంది."

అని అక్కడే, కోడలి పక్కనే కూర్చుండిపోయింది. కొడుకు ఇంకోసారి పిలిచాడు. పెద్దగా, తన మామూలు గొంతుతో. ముసలావిడ వెక్కివెక్కి ఏడ్చింది గానీ లేవలేదు. అలాంటి ఇంటికి కోడలైనందుకు చన్నీళ్ళక్కకి ఆ క్షణాన కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. దుఃఖంలో గర్వం ఏమిటని అడిగేవాళ్ళుంటే అడగనివ్వండి, నేను చెప్పేది ఉన్నమాట.

ఇద్దరూ సిటీ బస్సులో ఇంటికొచ్చారు. కోర్టుకి రాలేకపోయిన టీ కొట్టాయన దూరం నుంచే వీళ్ళని చూసి, గిన్నె పొయ్యి మీదే వదిలేసి రోడ్డు మీదికొచ్చాడు. మందుల షాపావిడ కూడా గుమ్మంలోకి వచ్చింది. వాళ్ళని పలకరించే ఓపిక కోడలికి లేదు. అత్తగారు ఆగింది.

"ఏమ్మా, బెయిలు వచ్చిందా?" అన్నాడాయన ఆత్రంగా.

"వచ్చింది నాయనా," అంది ముసలావిడ. "తెచ్చుకునేవాళ్ళే రాలేదు."

అని, తాళం వేసి ఉన్న ఆ కొట్టు ముందు ఒక్క నిమిషం నిలబడి, కోడలి భుజం పట్టుకుని మెట్లెక్కింది.